ఆడపిల్లల గది నిమిత్తం

ఆయన పోయిన సంగతి నాకు చెప్పింది ఆయన మనవడే. చెప్పడానికి రాలేదు, చందాకొచ్చాడు.

పిల్లవాడు మర్యాదస్తుడు. చెప్పులు గడప అవతలే విడిచి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, సంచిలోంచి రసీదు పుస్తకం తీశాడు. సికింద్రాబాదులో ఎవరో ఆడిటర్ దగ్గర పనిచేస్తాడట.

"తాత పోయి నెల దాటింది టీచరమ్మా. ఆయన పేరు మీద మన బడిల హాలు కడుతున్నం. గప్పుడు మీరు, తాత కలిసి పనిజేసిండ్రంట గద. ముందుగాల మీ ఇంటికే పొమ్మన్నడు నాయిన" అన్నాడు.

'కలిసి' అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. దగ్గుతో కప్పుకున్నాను.

"ఎంత ఇచ్చినా ఇన్‌కంటాక్సు మాఫీ ఉంటది. కాకుంటె దేనికోసం ఇస్తున్నరో గీ గీత మీద రాయాలె. ఏం రాస్తే దానికే వాడాలె. ఇంకోదానికి మళ్ళిస్తే మాఫీ చెల్లదు" అని చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

ఆ కానూను నాకు తెలుసు నాయనా, మీ తాత పుణ్యమా అని నీకంటే ముందే నేర్చుకున్నాను, అని లోపల అనుకున్నాను. పోతూ పోతూ ఇంకో కోరిక కూడా కోరాడు. సంస్మరణ సంచిక వేస్తున్నారట, తాత గురించి నాలుగు మాటలు రాసివ్వాలట. ఆదివారం వస్తే చందా, రాత రెండూ ఇస్తానన్నాను.

ఇదిగో రాస్తున్నాను. అచ్చు వేస్తారన్న ఆశ నాకేమీ లేదు. ఆయన పేరు మాత్రం రాయను. బడి గోడ మీద రాతిలో చెక్కి ఉంది, అది చాలు.

ఆయన్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది పళ్ళ చప్పుడు. వడ్లు ఎక్కడ కనబడినా, కల్లంలో గానీ బండి మీద గానీ, కొన్ని గింజలు అరచేతిలో నలిపి, ఉఫ్‌మని పొట్టు ఊదేసి, మిగిలిన బియ్యం నోట్లో వేసుకుని పటుక్కున కొరికేవాడు. సరిగ్గా ఎండాయో లేదో ఆ చప్పుడులో తెలుస్తుందట. ఆడవాళ్ళు కానుకగా తెచ్చిన బియ్యం చర్చిలో ఆయన ముందునుంచి పోతుంటే దాంట్లోనూ చెయ్యి పెట్టేవాడు. దేవుడికి తెచ్చిన గింజయినా ముందు ఆయన పంటికింద పడాల్సిందే.

మేమంతా చాపల మీద కూర్చుంటే ఆయన కుర్చీ ఇంటినుంచి వచ్చేది. జీతగాడు నెత్తిమీద పెట్టుకుని తెచ్చేవాడు. వానాకాలంలో ఆ కుర్చీ మీద గొడుగు పట్టేవాళ్ళు. జీతగాడు తడిసేవాడు, కుర్చీ తడిసేది కాదు. కానుకల సంచి దగ్గరికొస్తే నాణేన్ని అంత ఎత్తునుంచి వదిలేవాడు. మోగకపోతే ఇచ్చినట్టు కాదని ఆయన లెక్క. ఇక ప్రార్థనకు నిలబడ్డాడంటే దేవుడికి బిల్లు చదివినట్టే ఉండేది. "ఈ దాసుడు పంపిన ఇసుక బండి, ఈ దాసుడు ఇప్పించిన సున్నం..." అని సాగుతూనే ఉండేది. ఒకసారి మా పాస్టరు అయ్యగారు ఉండబట్టలేక మధ్యలో గట్టిగా ఆమెన్ అన్నారు. ఆయన ఆగలేదు. కిటికీ చెక్కల దాకా అన్నీ అప్పజెప్పాకే కూర్చున్నాడు.

నవ్వితే చప్పుడు వచ్చేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి. నవ్వు అయిపోయాక ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "నాదేమున్నది? అంత బడిదే." కొత్తవాళ్ళు ఆ మాటకు కరిగిపోయేవాళ్ళు. నేనూ కొత్తలో కరిగినదాన్నే.

మాది మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో చిన్న ఊరు. నేను ఆ బడిలో పంతులమ్మగా చేరిన రోజుల్లో యుద్ధం జరుగుతోంది. ఆయనకు శామీర్‌పేట చెరువు కింద మస్తుగా పొలం ఉండేది, సికింద్రాబాదు వ్యాపారులతో పరిచయాలుండేవి, బడి కమిటీకి ఆయనే పెద్ద. బడి అంటే వేరే కట్టడం కాదు, చర్చే బడి. మగపిల్లలు లోపల కూర్చునేవాళ్ళు. నా ఆడపిల్లలు వరండాలో. వాన ఏటవాలుగా కొడితే పలకలు నెత్తిమీద పెట్టుకుని గోడకు అతుక్కునేవాళ్ళు, రాసిందంతా కరిగి మొహాల మీద తెల్లగా కారేది. వాన గట్టిదైతే ఇళ్ళకు పంపించేసేదాన్ని. గది ఉంటే తప్ప ఆడపిల్లలకు అయిదో తరగతి ఇవ్వనని తనిఖీకి వచ్చిన అధికారి చెప్పి వెళ్ళాడు.

ఆ గదిని కట్టింది మా ఊరి ఆడవాళ్ళు. ఈ మాట ఇక్కడ గట్టిగా రాయాలి, ఎందుకంటే ఇంకెక్కడా రాసి లేదు. ఇంట్లో వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ కుండ చర్చికి వచ్చేది. పిడికెడు బియ్యం కానుక మా సంఘాల్లో ఎప్పటినుంచో ఉన్నదే గానీ, ఈ పిడికెడు మాత్రం ఆడపిల్లల గదికని ముందే అనుకుని ఇచ్చారు. సగం కడుపుకు తిన్న ఇళ్ళలోంచి కూడా ఆ కుండ తప్పలేదు. రావల్కోల్ నుంచి కొందరు ఆడవాళ్ళు నడిచి తెచ్చేవాళ్ళు. ఆ బియ్యం అమ్మి రాయి కొన్నారు, పెంకు కొన్నారు, మట్టి తామే తొక్కారు. చర్చి పక్కనే గది లేచి నిలబడింది.

అందరిలో ముందుండి నడిపింది రాహేలవ్వ. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని సికింద్రాబాదు మోండా మార్కెట్ దాకా పోయి అమ్ముకొచ్చేది. ఆమె కేక వేస్తే చెరువు అవతలి గట్టున ఉన్నవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు.

గది పూర్తయింది. అలుకు ఆరింది. రేపు పిల్లల్ని కూర్చోబెట్టాలని నేను అనుకుంటుంటే ఆయన బండ్లు వచ్చాయి. బస్తాలకు బస్తాలు వడ్లు ఆ గదిలోకి దిగాయి. తలుపుకు తాళం పడింది, తాళంచెవి ఆయన మొలతాడుకు చేరింది.

సంగతేమిటంటే, యుద్ధకాలం కాబట్టి సర్కారు రైతుల దగ్గర లెవీ అని ధాన్యం తీసుకునేది. పన్నులాంటిదే, కాకపోతే నామమాత్రంగా ధర కట్టేవాళ్ళు. అదే ధాన్యం చాటుగా సికింద్రాబాదులో అమ్మితే ఎన్నో రెట్లు. అయితే బడికని, ఫలానా పనికని చెప్పి ఇచ్చిన ధాన్యం మీద మా తాలూకాలో లెవీ పట్టేవాళ్ళు కాదు. ఈయన తన పంటలో సగానికి సగం ఆడపిల్లల గది నిమిత్తం దానం చేసినట్టు రాయించేశాడు. లెవీ చూసుకునే గిర్దావర్ వచ్చి, తలుపు సందులోంచి బస్తాలు చూసి, ఆయనింట్లో కోడికూర తిని వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత ఒక్కొక్క బండే సికింద్రాబాదు దారి పట్టేది. గది ఖాళీ అయ్యేలోపు మళ్ళీ పంట వచ్చేది.

నేను వెళ్ళి అడిగాను. "పిల్లలు వానల తడుస్తుండ్రు. గది ఇప్పియ్యండి అయ్యా."

"ఏంది పంతులమ్మా, గట్ల మాట్లాడ్తవు? ఆ బస్తాలు ఎవరియి? నీ పిల్లలయే గద. నాదేమున్నది? అంత బడిదే" అన్నాడు. భుజాలు ఊగాయి.

నాకొక చెల్లెలుండేది. సలోమి. నా దగ్గరే నాలుగో తరగతి చదివి, అయిదు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ అదే తరగతిలో మళ్ళీ కూర్చుంది. మిషను ఆసుపత్రిలో నర్సు కావాలని దాని కోరిక. మా ఇంట్లో మేక కాలు విరిగితే కర్ర కట్టి బాగుచేసిన పిల్ల. ఒకనాడు ఆయన మా బాపును పిలిపించి అన్నాడు: "పిల్ల ఊకెనే కూసుంటాంది గద. బోలారంల తెల్లదొరల బంగళాల ఆయా పని ఉన్నది, నేను చెప్పి పెట్టిస్త. అన్నం, బట్ట, అన్ని ఆల్లే ఇస్తరు." మా బాపు అయిదుగురిని సాకలేక పరేషాన్‌లో ఉన్నాడు, ఒప్పుకున్నాడు. సలోమి మూట కట్టుకుని పోతూ ఆ గది ముందు ఆగింది. తాళాన్ని ఒకసారి చేత్తో ఊపి చూసింది. నేను ఆ రోజే అనుకున్నాను, ఈ తాళాన్ని ఈయన చేత కక్కిస్తానని.

ఎలా కక్కించాలో నాకు తెలియలేదు. దారి చూపించింది ఆయనే.

మాకు కోతల పండుగ అని ఉంటుంది. పంట ఇంటికొచ్చాక ఎవరికి పండింది వాళ్ళు చర్చికి తెస్తారు. వడ్లు, జొన్న కంకులు, గుమ్మడికాయ, కోడిపుంజు, సీతాఫలాలు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక అన్నీ హర్రాజు, అంటే వేలం, వేస్తారు, వచ్చిన డబ్బు ఆ ఏటి పనికి. దీనికొక కట్టుబాటు ఉంది. ఆ పూట చర్చి గడప దాటి లోపలికొచ్చిన వస్తువేదైనా దేవుడిదే. హర్రాజు వేసేవాళ్ళు వస్తువు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరిది?" అని అడుగుతారు. తెచ్చినవాళ్ళు తమ పేరు చెప్పుకోరు, "దేవునిది" అంటారు. తెచ్చినవాళ్ళకే మళ్ళీ కావాలంటే పాట పాడి కొనుక్కోవాల్సిందే. ఒక ఏడు మా అయ్యగారు తన గొడుగును మరిచిపోయి బల్ల పక్కన పెట్టారు. రాహేలవ్వ దాన్నీ హర్రాజుకు ఎత్తింది. పాపం, ఆయన డబ్బిచ్చి తన గొడుగు తాను కొనుక్కుని ఇంటికి వెళ్ళారు. ఊరంతా ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వారు.

ఆ ఏడు కోతల పండుగకు ముందే పాత గిర్దావర్ బదిలీ అయ్యాడు. కొత్తాయన కోడికూరకు లొంగే రకం కాదని, సరిగ్గా పండుగ రోజే తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. గదిలో పిల్లలు చదువుకుంటున్నారా, ధాన్యం ఎక్కడుంది, రెండూ చూపించాలన్నాడట. గదిలో బస్తాలుంటే పిల్లల్ని చూపించడానికి చోటు లేదు. బస్తాలు ఇంటికి తీసుకుపోతే ధాన్యం తనదని ఒప్పుకున్నట్టు.

మా పెద్దాయన తెలివి అప్పుడు పరుగులు తీసింది. తెల్లవారగానే బస్తాలన్నీ చర్చిలోకి మోయించాడు. ఒక్కొక్క బస్తాకు బంతిపూల దండ కూడా వేయించాడు. పండుగ కదా, కానుకల మధ్య కానుకల్లాగే కనబడతాయి, గిర్దావర్ కళ్ళారా చూసి మురిసి వెళ్ళిపోతాడు, సాయంత్రానికి బండ్లు వస్తాయి. గొడుగు సంగతి ఆయనకు గుర్తులేక కాదు. కట్టుబాట్లు మిగతావాళ్ళకని ఆయన నమ్మకం.

"పంతులమ్మా, ఇయ్యాల నీ పిల్లలను గదిల కూసోబెట్టు. సాబ్ వస్తే ఎక్కాలు చెప్పియ్యి" అని తాళం తీశాడు.

పిల్లలు మొదటిసారి ఆ గదిలోకి అడుగుపెట్టారు. నేలంతా రాలిన వడ్లు. కూర్చోగానే ఎవరి ముందున్న గింజలు వాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉంటే రాహేలవ్వ వచ్చింది. కళ్ళు చర్చి వైపే ఉన్నాయి.

"చూసినవా బిడ్డా? గడప దాటినయి" అంది.

నాకు అయ్యగారి గొడుగు గుర్తొచ్చింది.

"హర్రాజుల ఆయనతోని పోటీ పడేటంత పైసలు ఎవరికున్నయి అవ్వా?"

"పైసలు ఎందుకే? నోరుంటే సాలు. ఆయన ఎంతంటే నువ్వు దాని మీద ఒకటి పెంచు. నువ్వు ఆగితే రావల్కోల్ది పెంచుతది. ఆయన ఇడుస్తడా? సచ్చినా ఇడువడు."

"ఇడిస్తే?"

"ఇడిస్తే సూద్దాం తియ్" అని కొంగు దోపుకుంది.

గిర్దావర్ సన్నటి మనిషి, షేర్వానీ బొత్తాలన్నీ పెట్టుకుని వచ్చాడు. గది చూశాడు, పిల్లల ఎక్కాలు విన్నాడు. చర్చిలోకి వచ్చాక మా పెద్దాయన తన కుర్చీలోనే ఆయన్ని కూర్చోబెట్టి తాను పక్కన నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఆయన చర్చిలో నిలబడి ఉండగా చూశాను.

బస్తాలు చూపించి, "ఇవన్నీ ఆడపిల్లల గదికే సాబ్. నాదేమున్నది? అంత బడిదే" అన్నాడు.

"మంచిది" అన్నాడు గిర్దావర్. ధాన్యాన్ని గల్లా అనేవాడాయన. "బడికిచ్చిన గల్లా బడికే ఖర్చయితే మాఫీ. మళ్ళ మీ ఇంటికే పోతే మాత్రం లెవీ చోరీ కింద జప్తు."

ఆరాధన అయింది. గుమ్మడికాయలు, కోళ్ళు పోయాయి. గిర్దావర్ కూడా సరదాపడి ఒక సీతాఫలాల గంప పాడుకున్నాడు. మా పెద్దాయన ఆయన్ని భోజనానికి లేవదీయబోతుంటే రాహేలవ్వ వెళ్ళి మొదటి బస్తా మీద చెయ్యి పెట్టింది.

"ఇది ఎవరిది?"

వడ్లగింజ కొరుకుతున్న పెద్దాయన దవడ ఆగిపోయింది.

"అవి వేరే. అవి హర్రాజుకు కావు" అన్నాడు.

అయ్యగారు లేచారు. మెత్తని మనిషి, ఆయన ముందు ఎప్పుడూ నోరెత్తేవారు కాదు. ఆ పూట మాత్రం గొంతు సవరించుకుని, "గడప దాటింది గదండీ పెద్దలూ. నా గొడుగును కూడ ఎవరు ఇడువలే" అన్నారు. వెనక చాపల మీదినుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది ఎవరిదని అడుగుతున్న" అంది రాహేలవ్వ మళ్ళీ, మోండా మార్కెట్ గొంతుతో.

గిర్దావర్ కుర్చీలో ముందుకు వంగాడు. "అవును, నేను కూడ అదే అడుగుతున్న. ఎవరిది?"

నాది అంటే జప్తు. దేవునిది అంటే హర్రాజు. ఆ మనిషి మొహాన్ని నేను అప్పుడు తనివితీరా చూశాను. సలోమి తాళం ఊపిన చప్పుడు నాకు చెవుల్లో వినబడుతోంది. ఆ ఒక్క క్షణం కోసం ఇంకా ఎన్నేళ్ళయినా వరండాలో తడిసేదాన్ననిపించింది.

"దేవునిది" అన్నాడు. గొంతులోంచి కాదు, పళ్ళలోంచి వచ్చింది మాట.

పాట మొదలైంది. ఆయన లెవీ ధరతో మొదలుపెట్టాడు. నేను పెంచాను. రావల్కోల్ ఆమె పెంచింది. జన్మలో రూపాయల కట్ట చూడని ఆడవాళ్ళం జాగీర్దారుల్లా పాడాం. ధర సికింద్రాబాదు చాటు ధరను అందుకుంది, దాటింది. అయినా వదలడు. నలుగురిలో తన వడ్లు ఇంకొకరి పాలవడం ఆయన ఒంటికి పడదు. బస్తా తర్వాత బస్తా తన వడ్లను తానే కొనుక్కున్నాడు. రాహేలవ్వ ప్రతి బస్తాకూ అదే ప్రశ్న అడిగింది. ప్రతిసారీ ఆయన చేత "దేవునిది" అనిపించింది.

ఆఖరి బస్తా దగ్గర నేను పెంచగానే ఆయన ఆగిపోయాడు. నా వైపు చూశాడు. భుజాలు ఊగాయి. నా జీతమెంతో ఆయనకు తెలుసు, ఇచ్చేది ఆయనే. నేను చెవుల కమ్మలు రెండూ తీసి బల్ల మీద పెట్టాను. మా అమ్మ నాకు మిగిల్చిపోయినవి అవే. ఇచ్చినందుకు ఆ రోజు బాధపడలేదు, ఈ రోజూ పడటం లేదు.

అంతా అయ్యాక బండ్లను పిలవడానికి ఆయన బయలుదేరితే గిర్దావర్ ఆపాడు. "ఇప్పటిదాక దేవుని గల్లా. ఇప్పుడు కొన్నరు కాబట్టి మీ గల్లా. మీ గల్లా అయితే మీ పొలం లెవీ బాకీ దీంట్లకెల్లి పోతది గద?"

చర్చిలో అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు. "పంతులమ్మకు పొలం లేదు, లెవీ లేదు" అని నా బస్తాను మాత్రం గిర్దావర్ వదిలేశాడు. ఆ బియ్యంతో ఎన్నాళ్ళో ఆడపిల్లలకు మధ్యాహ్నం గంజి కాచాం. ఆ గంజి రుచి ఇంకా నాలుక మీద ఉంది.

రాహేలవ్వ ఇంకా చెయ్యి చాపే ఉంది. "తాళంచెవి?" అంది. "గది కూడ దేవునిదే గద అయ్యా?" అందరి కళ్ళూ ఆయన మొలతాడు మీదే. విప్పి బల్ల మీద పారేశాడు. ఆ మోత ఆయన వేసిన నాణేలన్నిటికంటే బాగా వినబడింది.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. నేనూ సంతోషంగా ఆయన్ని మరిచిపోయేదాన్ని.

హర్రాజు డబ్బు గదికే ఖర్చయింది, అయిదో తరగతి వచ్చింది. నేను బోలారం పోయి సలోమిని పిలిచాను. బంగళా వెనక గుడ్డలు ఆరేస్తోంది. చేతులు సోడాకు పాసిపోయి ఉన్నాయి. "ఇగ నేను రానక్కా. చిన్న చిన్న పోరగాండ్ల నడుమ కూసుంటే నన్ను జూసి నవ్వుతరు. నాకిప్పుడు ఏం యాదికి లేదు" అంది. ఎంత బతిమాలినా రాలేదు. దొరలు దేశం విడిచిపోయాక వేరే ఇళ్ళలో చేసింది. కడదాకా ఇంకొకరి పిల్లల గుడ్డలే ఉతికింది.

ఇటు బడిలో, కొద్ది నెలలు తిరక్కుండానే ఆయన గది గోడలో షాబాదు బండ ఒకటి బిగించాడు. 'ఆడపిల్లల గది. దానము చేసినవారు' అని, కింద ఆయన పేరు, అంతంత అక్షరాలతో. ఇదేమిటని అడిగితే, "హర్రాజుల పైసలు నాయే గద?" అన్నాడు. పైసల వరకు చూస్తే అబద్ధమనడానికి లేదు. నా కడుపుమంట అదే. ఓడినదాన్ని కూడా దానం కింద రాయించుకున్నాడు. పిడికెడు బియ్యం సంగతి ఆ రాతి మీద ఒక్క అక్షరం లేదు. రాహేలవ్వ పోయింది, ఆ ఆడవాళ్ళలో చాలామంది పోయారు. రాయి మిగిలింది.

చాలా ఏళ్ళ తర్వాత మేడ్చల్ స్టేషన్లో ఎదురుపడ్డాడు. ముసలివాడైపోయాడు, పళ్ళు ఊడిపోయాయి. చేతిలో మాత్రం నాలుగు గింజలున్నాయి, వేళ్ళతో నలుపుకుంటున్నాడు. "నీకు గది ఇచ్చిన పంతులమ్మా. ఒక్కనాడన్న దండం పెట్టినవా?" అన్నాడు. రైలు వచ్చింది, ఎక్కేశాను. ఆ ప్రశ్నకు జవాబు అప్పటినుంచి వెతుకుతూనే ఉన్నాను.

శనివారం ఇక్కడిదాకా రాసి పెట్టుకున్నాను. మిగతాది ఆదివారం జరిగింది.

మనవడు అన్న మాట ప్రకారం వచ్చాడు. కాగితాలు ఇచ్చాను. వరండాలో కూర్చుని చదువుకున్నాడు. చివరిదాకా చదివి, వాటిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గీ రాసిందంత నిజమేనా టీచరమ్మా?"

"రావల్కోల్‌ల ముసలోల్లు ఇంకా ఉన్నరు. పోయి అడుగు."

తల వంచుకున్నాడు. "ఆ కుర్చీ మా ఇంట్ల ఇంకా ఉన్నది" అన్నాడు మెల్లగా.

తాత చేసినదానికి పిల్లవాడినేం చేస్తాను? కానీ వదిలిపెట్టేదాన్నీ కాదు. అనుకున్న డబ్బు తెచ్చి చేతిలో పెట్టాను. నా పింఛనులో అది చిన్న మొత్తం కాదు. రసీదు పుస్తకం తీశాడు.

"మీ పేరు మీదనే రాయాల్నా?"

"నా పేరు కాదు. సలోమి అని రాయి. మా చెల్లె. పోయి అయిదేండ్లాయె."

"పోయినవాళ్ళ పేరు మీద రాస్తే టాక్సు మాఫీ రాదు టీచరమ్మా."

"దానికి మాఫీ ఎందుకు బిడ్డా? టాక్సు కట్టేటంత ఆమ్దానీ దానికి ఎన్నడు రానిచ్చిండు మీ తాత?"

పిల్లవాడు పేరు రాశాడు. తర్వాత కలం గీత మీదికి పోయింది.

"ఏ నిమిత్తం?"

"నేను చెప్పినట్టే రాయి. ఆడపిల్లల గది గోడమీది రాయి పీకేటందుకు కూలి. దాన్ని తీస్కపోయి ఆడపిల్లలు కాళ్ళు కడుక్కునే నల్లా కింద పరిచేటందుకు కూలి."

కలం ఆగింది. "గిట్ల రాస్తే కమిటీల నడుస్తదా?"

"నువ్వే చెప్పినవు గద. ఏం రాస్తే దానికే వాడాలె, ఇంకోదానికి మళ్ళిస్తే చెల్లదు."

రాశాడు. ఒక్క అక్షరం పోనివ్వలేదు. పైకి చదవమంటే చదివాడు. రసీదు చింపబోతుంటే ఆపాను.

"ఒక్క ముక్క తక్కువైంది. రాయి ఎట్ల పరువాల్నో రాయలే."

"ఎట్ల?"

"పేరున్న దిక్కు మట్టిలకు."